బైరెడ్డిపల్లె ఏ గణం?



1919 ఫిబ్రవరి. మదనపల్లెలో అనీబీసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు అప్పుడు జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్. ఐర్లండ్ మనిషి, స్వయంగా కవి. దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన పిలిస్తే వచ్చి అక్కడ కొన్నాళ్లు ఉన్నారు. ఒక సాయంత్రం అందరూ పాటలకు కూడినప్పుడు ఠాగూర్ తన బెంగాలీ గీతం ఒకటి ఎత్తుకున్నారు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో పాడిన గీతం అది. 1950 జనవరి 24న మన జాతీయ గీతమైందీ అదే.

ఆ సాయంత్రం సంగతి కజిన్స్ తరవాత రాసుకున్నారు. మొదట ఆయనకు అది భూగోళం పాఠంలా వినిపించిందట. ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు వరసగా వస్తున్నాయి. రెండో చరణంలో మతాల పేర్లు. అయితే చరణం చివర మళ్లీ మళ్లీ వచ్చే జయధ్వానం ఒకటుంది. మొదటిసారి వచ్చినప్పుడు అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయి, రెండోసారి అందరూ గొంతులు సవరించుకున్నారు. పాడించుకున్నదే మళ్లీ పాడించుకున్నారు. కాసేపటికి అందరూ ఠాగూర్ గొంతుతో గొంతు కలిపి పాడుతున్నారు. ఫిబ్రవరి 28న ఆ గీతాన్ని ఠాగూర్ అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరాల్లో రాసిపెట్టారు.

అప్పటి మదనపల్లె విద్యార్థుల్లో బెంగాలీ వచ్చినవాళ్లు ఎందరుంటారు? అర్థం చెవి దాటి లోపలికి వెళ్లకముందే పాట గొంతులోకి వచ్చేసింది. కవిత్వంలో మొదటి పాఠం అదే. మన బడుల్లో మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ఆరో తరగతి పిల్ల చేతికి ముందు ప్రతిపదార్థం వస్తుంది, ఆ తరవాత గైడులోని తాత్పర్యం, ఆ తరవాత బోర్డు మీద గురులఘువుల గుర్తులు. పద్యం పైకి వినబడేది ఎప్పుడో, అదీ ఒకేసారి, అదీ అప్పజెప్పే హడావుడిలో.

రేడియోకు బోర్డు లేదు. గీతలు గీసి చూపించడానికి వీల్లేదు. అది మంచిదే. ఛందస్సు పుట్టింది చెవి కోసం.

మదనపల్లెకు దక్షిణాన పుంగనూరు, ఇంకా దిగితే పలమనేరు, ఆపైన బైరెడ్డిపల్లె, చివర కుప్పం. బైరెడ్డిపల్లె బడి పిల్లలకు ఈ ఊళ్లన్నీ బస్సు బోర్డుల మీద రోజూ కనిపించే పేర్లే. ఠాగూర్ నోట భూగోళం పాటైనప్పుడు వీటినీ పలికి చూడవచ్చు. లఘువును ‘ట’ అనుకుందాం, గురువును ‘టాం’ అనుకుందాం. లఘువుకు ఒక మాత్ర, అంటే ఒక రెప్పపాటు. గురువుకు రెండు.

బైరెడ్డిపల్లె. టాం టాం ట, టాం ట.

ఏడో తరగతి పిల్లవాడు ఇక్కడ తప్పకుండా తడబడతాడు. ‘బై’ దీర్ఘంగా పలుకుతుంది కాబట్టి గురువు అంటాడు, అది సరే. ‘రె’ పొట్టి అక్షరం కదా, లఘువు కావాలి కదా అంటాడు. నియమం చెబితే రాసుకుంటాడు, మరుసటి రోజుకు మరిచిపోతాడు. ‘గద’ అనమని, వెంటనే ‘గద్ద’ అనమని చెబితే వాడి నాలుకే జవాబిస్తుంది. ‘గద్ద’లో ‘గ’ మీద నాలుక ఒక క్షణం ఆగి, ఒత్తును అందుకుని ముందుకు పోతుంది. ఆ ఆగడమే రెండో మాత్ర. ద్విత్వానికీ సంయుక్తానికీ ముందున్న అక్షరం గురువు అన్న సూత్రం నాలుక చేసే ఈ పనికి పెట్టిన పేరు. ‘రెడ్డి’లో ‘రె’కు, ‘పల్లె’లో ‘ప’కు జరిగేది అదే. సున్నా ఉన్న అక్షరమూ అంతే. పుంగనూరులో ‘పుం’ అనేటప్పుడు నాలుక వెనక భాగం అంగిలిని అంటి విడవడానికి పట్టే కాలం ఊరికే పోదు, లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు గణాలు. టాం ట అంటే హ గణం, దాన్నే గలం అని కూడా అంటారు. ట ట ట అంటే న గణం. ఈ రెండూ సూర్య గణాలు. పుంగనూరు రెండు హ గణాలు. పలమనేరు ఒక న, ఒక హ. మదనపల్లెదీ అదే లెక్క. బైరెడ్డి మాత్రం టాం టాం ట, త గణం, ఇంద్ర గణాల్లో ఒకటి. దాని పక్కన పల్లె హ గణం. ఇంద్ర గణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. తరిగొండ అనగానే ట ట టాం ట, సల గణం.

తరిగొండ పేరు వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. గుర్రంకొండ దగ్గరి ఈ ఊళ్లో 1730లో పుట్టిన వెంగమాంబ మొదటి రచన తరిగొండ నృసింహ శతకం. దాని మకుటంలోనే ఊరి పేరు ఉంది. తిరుమల చేరాక శ్రీవేంకటాచల మాహాత్మ్యం రాశారు, భాగవతాన్ని ద్విపదలో చెప్పారు. 1817 దాకా జీవించారు. చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలైనా దిద్దలేదని, ఛందస్సు నేర్వలేదని ఆమె తన గురించి చెప్పుకున్నారు. ఇందులో కవుల వినయం పాలు ఎంతో ఎవరి ఊహ వారిది. అయితే తరిగొండ గుడిలో కీర్తనలూ పద్యాలూ వింటూ పెరిగిన పిల్లకు గణం పేరు తెలియకపోయినా నడక తెలిసే అవకాశం ఉందని నమ్మడం కష్టం కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ కంటితోనే గోడ వంకర పట్టేసినట్టు, అలవాటు పడిన చెవి యతి తప్పిన చోటు పట్టేస్తుంది.

ఈ యతి అనేదే పిల్లలకు కొరుకుడు పడదు. సంస్కృతంలో యతి అంటే విరామం, చదువుతూ ఆగే చోటు. తెలుగులో అలా కాదు. పాదం మొదటి అక్షరానికి, అదే పాదంలో లెక్క ప్రకారం వచ్చే మరో అక్షరానికి మధ్య స్నేహం కుదరాలి. హల్లులు కలవాలి, వాటి మీది అచ్చులూ కలవాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు. జట్టు దాటితే యతి చెల్లదు.

ఊళ్ల పేర్లతోనే చూడవచ్చు. ఆటవెలదిలో రెండో పాదానికి, నాలుగో పాదానికి అయిదు సూర్య గణాలు కావాలి. నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం. ‘పుంగనూరు దాటి పలమనేరు’ అనుకుందాం. పుంగ, నూరు, దాటి, పలమ, నేరు. అయిదూ సూర్య గణాలే, గణాల్లో వేలు పెట్టడానికి లేదు. మరి యతి? మొదట ‘పుం’, నాలుగో గణం మొదట ‘ప’. రెండూ పవర్గమే అయినా ఒకదాని మీద ఉకారం, ఒకదాని మీద అకారం. జట్టు కుదరలేదు. బస్సు ఆ దారినే పోతుంది కానీ పద్యం పోదు.

ఇప్పుడు ఆటవెలది మొదటి పాదం లెక్క తీసుకుందాం. మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. ‘పలమనేరు దాటి బైరెడ్డిపల్లెకు.’ పలమ, నేరు, దాటి: మూడు సూర్య గణాలు. బైరెడ్డి: త గణం. పల్లెకు: టాం ట ట, భ గణం. మొదట ‘ప’, నాలుగో గణం మొదట ‘బై’. ప, బ ఒకే వర్గం. అకారం, ఐకారం ఒకే జట్టు. గణమూ కుదిరింది, యతీ కుదిరింది. బైరెడ్డిపల్లె పిల్లవాడు రోజూ చెప్పే మాటల్లోనే ఆటవెలది పాదం ఒకటి దాగి ఉంది.

ఆటవెలది ఈ సీమకు కొత్తది కాదు. మదనపల్లె నుంచి కదిరి వైపు వెళితే కటారుపల్లె వస్తుంది. వేమన సమాధి అక్కడే ఉంది. జనం నోళ్లలోనూ తాటాకుల మీదా ఉన్న వేమన పద్యాలను పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో అచ్చు వేయించినవాడు సి.పి. బ్రౌన్. వేమన పద్యాన్ని పిల్లలచేత చదివించేటప్పుడు మకుటాన్ని చివర్లో ఊరికే వచ్చే పాదంగా దాటేస్తారు. నిజానికి పద్యం కట్టడాన్ని శాసించేది అదే. మకుటానికి ఒక పాదం పోతే కవికి మిగిలేవి మూడు. వేమన చాలాచోట్ల మొదటి రెండు పాదాల్లో కంటికి కనిపించే సంగతి ఒకటి చెప్పి, మూడో పాదంలో దాన్ని మనిషి మీదికి తిప్పుతాడు. మలుపు కోసం ఉన్నది ఆ ఒక్క పాదమే. అంత ఇరుకులో చెప్పాలి కాబట్టే అనవసరమైన మాటకు అక్కడ చోటు ఉండదు. సుమతీ శతకంలో మకుటం ఒక్క పిలుపు, మూడక్షరాలు. అక్కడ కవికి చోటు ఎక్కువ, నడకా వేరు, అది కందం.

ఈ ప్రాంతపు పిల్లలకు మరో వసతి ఉంది. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దగ్గర. తరగతి గదిలో తెలుగు, ఇంట్లో తమిళమో కన్నడమో ఉర్దూయో మాట్లాడేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పద్యపాదాల్లో రెండో అక్షరం ఒకటిగా ఉండటాన్ని మనం ప్రాస అంటాం. కన్నడంలోనూ అదే ప్రాస. తమిళంలో దానికి ఎదుగై అని పేరు, మొదటి అక్షరాల పొత్తుకు మోనై అని పేరు. తిరుక్కురళ్ తీసుకుంటే పద్యమంతా కలిపి రెండు పాదాలు, ఏడు సీర్లు, అంతే. ఉర్దూ గజల్లో సంగతి పాదం చివర జరుగుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్, దాని ముందు ప్రాస కలిపే మాట కాఫియా. మనవాళ్లు అంత్యప్రాస అనేదానికి ఇది దగ్గర చుట్టం. నాలుగు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు తలా ఒక పాట వినిపిస్తే, మాటలు ఎక్కడ ఎక్కడ పొత్తు కలుస్తున్నాయో వెతకడం ఒక పీరియడ్‌కు సరిపడే పని. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పెద్దలు అనుకున్నదీ భాషలను పక్కపక్కన పెట్టి చదవాలనే. ఆ పని ఏడో తరగతిలోనూ మొదలుకావచ్చు.

ఇంకో బడి కూడా ఉంది ఇక్కడ, దానికి గోడలు లేవు. ఎండాకాలంలో ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే ఊళ్లు ఈ వైపు చాలా ఉన్నాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజులు. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతూ ఒక్కో మెట్టు దగ్గర ఆగి పద్యం అందుకుంటాడు. కింద జనం పైనుంచి పడే నిమ్మకాయల కోసం చేతులు చాపి నిలబడతారు. ఆ పద్యాన్ని పిల్లలు ఎన్నోసార్లు వింటారు. హార్మోనియం శ్రుతికి రాగం తీసేటప్పుడు నటుడు గణాలు లెక్కపెట్టుకోడు. భావం ఎక్కడ తెగుతుందో అక్కడ ఆగుతాడు, ఏ మాట మీద కోపం ఉందో ఆ మాటను సాగదీస్తాడు. పాదం ముగిసే చోటు, భావం ముగిసే చోటు ఒకటి కానక్కర్లేదు. వృత్తపద్యాల్లో ఇది మరీ తెలుస్తుంది: ఉత్పలమాల పాదం ఇరవయ్యో అక్షరం దగ్గర తెగిపోతుంది, వాక్యం మాత్రం తెగదు, మాట సగంలో విరిగి కింది పాదంలోకి దిగుతుంది. పుస్తకంలో చూసి బెదిరిపోయే పిల్లవాడికి మాను మీద అర్జునుడి పద్యం తెలిసిందే.

పద్యమంతా గణాల లెక్కే అనుకుంటే గురజాడకు అన్యాయం చేసినట్టు. 1910లో ఆయన ముత్యాలసరం తెచ్చినప్పుడు అక్షరాల పట్టీ పక్కన పెట్టి మాత్రలు లెక్కపెట్టాడు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. పాదానికి పద్నాలుగు. ఈ ప్రసంగం కోసం కట్టిన పాదాలు రెండు: ‘తెల్లవారితె కొండనీడలు, మెల్లమెల్లగ ఊరు దాటును.’ తెల్ల మూడు, వారితె నాలుగు, కొండ మూడు, నీడలు నాలుగు. చప్పట్లతో చదివితే పిల్లలకు రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. ఆ తరవాత వచ్చిన వచన కవితలో ఈ లెక్కా లేదు. అక్కడ కవి చేతిలో ఉన్నది ఎక్కడ ఆపాలన్న నిర్ణయం. ‘ధర లేక రైతు టమాటా రోడ్డు మీద పారబోశాడు’ అన్నది మదనపల్లె మార్కెట్ వార్త. దాన్నే ‘ధర లేక’ దగ్గర ఆపి, ‘రైతు’ దగ్గర ఆపి, చాలాసేపు ఊరుకుని, ‘పారబోశాడు’ అని ముగిస్తే అది వేరే మాట. ఏం పారబోశాడో చెప్పలేదు. వినేవాడు టమాటా ఒక్కటే అనుకోడు.

అలంకారాల దగ్గరికి వద్దాం. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగి చేలల్లో పడటం పలమనేరు, కుప్పం వైపు పిల్లలకు కథ కాదు. ‘ఏనుగు నల్లకొండలా కదిలింది’ అంటే ఉపమ. ఏనుగు ఉపమేయం, కొండ ఉపమానం, నలుపు సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ‘ఆ ఏనుగే నల్లకొండ’ అంటే రూపకం, పోల్చే మాట జారిపోయి రెండూ ఒకటయ్యాయి. ‘నల్లకొండే నడిచి వస్తోందేమో’ అంటే ఉత్ప్రేక్ష, ఊహ. ఏనుగు తొండంతో అరటిచెట్టు మొదలు చుట్టి, ఒక్క గుంజు గుంజి, మట్టి దులిపి నోట పెట్టుకుందని ఉన్నదున్నట్టు చెబితే స్వభావోక్తి. ఇంతవరకు పరీక్షకు చాలు. పరీక్ష అడగని ప్రశ్న ఒకటుంది: ఈ మాట ఎవరంటున్నారు? దూరాన మిద్దె మీద నిలబడి చూసే పిల్లకు అది నల్లకొండ కావచ్చు. రాగిచేను తొక్కించుకున్న రైతు దాన్ని కొండ అనడు. ఎకరం చేను ఏమైందో మొదట చెబుతాడు, అదీ పొడి మాటల్లో. పద్యంలో గొంతు ఎవరిదో తెలియకుండా అలంకారం పేరు రాయడం ఉత్తరం చదవకుండా చిరునామా చదివి సంతోషపడటమే.

పలమనేరు పాదాన్ని వదిలేశాం. దాన్ని పద్యం చేస్తే ఇలా ఉంటుంది.

పలమనేరు దాటి బైరెడ్డిపల్లెకు
చేరు వేళ కొండ చీకటాయె
ఏనుగడుగు చూసి ఇంటివైపు పరుగు
తీసి నిలిచె బుడత తిరిగి చూడ

గొప్ప పద్యమేమీ కాదు, కానీ తరగతిలో విప్పి చూపించడానికి పనికొస్తుంది. రెండో పాదంలో యతి ‘చే’కు ‘చీ’. ‘కొండ మీద చీకటి పడింది’ అని రాయడానికి గణాలు ఒప్పలేదు. ఒప్పకపోవడం వల్లే కొండే చీకటైపోయింది, ఆ మాట నిలబడింది. ఛందస్సు అడ్డం తిరిగి మేలు చేసే చోట్లు ఇవి. మూడో పాదంలో ‘చూసి’ బదులు ‘కని’ అంటే ఒక మాత్ర తగ్గి గణం చెడుతుంది. ‘కాంచి’ అంటే చెడదు, పైగా పద్యానికి తగ్గ మాటలా కనిపిస్తుంది. అయితే ఏ బుడత ‘కాంచాను’ అంటాడు? అందుకని ‘చూసి’ అలాగే ఉంది, నాలుగో పాదంలో మళ్లీ ‘చూడ’ వచ్చినా. ‘చూసి’ పక్కన ‘ఇంటి’ వచ్చినప్పుడు యడాగమం చేసి ‘చూసి యింటి’ అనాలని పండితులు అంటారు. వాళ్లతో పేచీ లేదు, గణం రెండు విధాలా ఒకటే. ఇక ఏనుగు పద్యంలో ఎక్కడా లేదు. ఉన్నది అడుగు. మిగతాది వినేవాడి మనసులో జరుగుతుంది, దానికి పెద్ద పేరు ధ్వని.

పుంగనూరు పిల్లలు ఇదే లెక్కతో తమ ఊరి పేరు పెట్టి పాదం కట్టగలరు, మదనపల్లె పిల్లలకూ ఇబ్బంది లేదు. చిక్కల్లా కుప్పం పిల్లలకే. కుప్పం: టాం టాం. రెండు గురువులు, గగం. సూర్య గణాల్లోనూ లేదు, ఇంద్ర గణాల్లోనూ లేదు. ‘కుప్పంలో’ అన్నా మూడు గురువులై ఇంకా మొరాయిస్తుంది. ‘కుప్పమందు’ అంటే రెండు హ గణాలై ఆటవెలదిలో అమరుతుంది. ‘కుప్పమునకు’ అన్నా సరే, హ, న. ఊరి పేరు ఉన్నదున్నట్టుగానే రావాలని పట్టుబట్టే పిల్లలకు కందం ఉంది. కందంలో చెల్లే గణాలు అయిదు: గగ, భ, జ, స, నల. అన్నీ నాలుగేసి మాత్రలవే, అందులో మొదటిదే కుప్పం. కాకపోతే కందానికి ప్రాస నియమం కూడా ఉంది. మొదటి పాదం కుప్పంతో మొదలుపెట్టినవాళ్లు మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరంగా పకారం కింద పవత్తు వెతుక్కోవాలి. అప్పు, చెప్పు, నిప్పు, ఉప్పు ఉన్న భాషలో అది మరీ కష్టమైన పని కాదు.